గుండె వైద్యంలో నిరంతర విద్య: హాజరు పట్టిక నుంచి రోగి పడక వరకు

ఛాతీ నొప్పితో ఆసుపత్రికి చేరిన రోగిని మొట్టమొదట పరీక్షించే వైద్యుడు చాలా సందర్భాలలో హృద్రోగ నిపుణుడు కాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి, సామాజిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి విధులలో ఉన్న డాక్టరు, ఏరియా ఆసుపత్రిలోని జనరల్ ఫిజీషియన్, చిన్న పట్టణంలోని నర్సింగ్ హోమ్ వైద్యుడు - వీరిలో ఎవరో ఒకరు ఆ రోగికి అత్యంత విలువైన తొలి గంటలో అందుబాటులో ఉంటారు. ఆ వైద్యుడు ఈసీజీని సరిగా చదివి, తగిన మందును తగిన సమయంలో ఇవ్వగలిగితే రోగి ప్రాణం నిలుస్తుంది. ఆ తరువాత ఎంత పెద్ద ఆసుపత్రికి తరలించినా, కోల్పోయిన ఆ గంటను ఎవరూ తిరిగి తీసుకురాలేరు.

అందువలన హృద్రోగ చికిత్సలో వైద్యుల నిరంతర విద్య వృత్తిపరమైన లాంఛనం మాత్రమే కాదు, ప్రజారోగ్యానికి సంబంధించిన ముఖ్యాంశం. ఈ విద్య ఎందుకు అవసరమైనది, దీనికి సంబంధించిన నిబంధనలు ఏమిటి, ఏ విధమైన శిక్షణ ఫలితమిస్తున్నది, దాని ఫలితాన్ని ఎట్లా కొలవాలి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

సమస్య పల్లెలలోనూ ఉన్నది

గుండె జబ్బు నగరవాసులకు, సంపన్నులకు వచ్చే వ్యాధి అనే అభిప్రాయం చాలా కాలం ప్రచారంలో ఉండేది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో సంభవించిన మరణాలపై జరిగిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చినది. ఆరోగ్య కార్యకర్తలు కుటుంబ సభ్యులను విచారించి వివరాలు సేకరించగా, వైద్యులు వాటిని పరిశీలించి మరణ కారణాలను నిర్ధారించారు. మొత్తం 1,354 మరణాలలో సుమారు 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వలన సంభవించినవని తేలినది. అంటువ్యాధుల వాటా సుమారు 12 శాతం మాత్రమే. 2006లో ప్రచురితమైన ఈ ఫలితాలు గ్రామీణ ఆంధ్రలో వ్యాధుల స్వరూపం మారిపోయిందని స్పష్టం చేసినవి.

దేశవ్యాప్త పరిస్థితిని 2008లో ప్రచురితమైన ‘క్రియేట్’ రిజిస్ట్రీ వెల్లడించినది. 50 నగరాలలోని 89 ఆసుపత్రులలో 20 వేలకు పైగా రోగుల వివరాలను ఇందులో నమోదు చేశారు. రోగుల సగటు వయస్సు 57.5 సంవత్సరాలు. వారిలో 60 శాతానికి పైగా ‘స్టెమీ’ రకం గుండెపోటుకు గురైనవారే. గుండె ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఈసీజీలో ఎస్టీ భాగం పైకి లేస్తుంది. ఈ రకమైన గుండెపోటునే స్టెమీ అంటారు. ఈ రోగులలో నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు, అనగా 6 గంటలు. ఆసుపత్రికి చేరిన తరువాత గడ్డను కరిగించే మందు అందడానికి మరో 50 నిమిషాలు పట్టినది.

మొదటి జాప్యానికి ప్రజలలో అవగాహన లేకపోవడం, రవాణా ఇబ్బందులు, దూరం వంటి పలు కారణాలు ఉన్నవి. రెండవ జాప్యం మాత్రం ఆసుపత్రి గోడల లోపలిది. అది వైద్యుల, సిబ్బంది సంసిద్ధతతో ముడిపడి ఉన్నది. నిరంతర విద్య నేరుగా ప్రభావం చూపగలిగినది ఈ రెండవ జాప్యంపైనే.

తొలి గంట విలువ

గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనిలో పేరుకున్న కొవ్వు పొర చిట్లినప్పుడు ఆ చోట రక్తం గడ్డ కడుతుంది. ధమని మూసుకుపోగానే దానిపై ఆధారపడిన కండరం ప్రాణవాయువు అందక క్రమంగా నశించడం ప్రారంభమవుతుంది. ధమనిని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం దక్కుతుంది. ఇందుకు రెండు మార్గాలున్నవి. మొదటిది స్ట్రెప్టోకైనేస్, టెనెక్టిప్లేస్ వంటి మందులతో గడ్డను కరిగించడం. రెండవది యాంజియోప్లాస్టీ ద్వారా ధమనిని బెలూనుతో తెరిచి స్టెంట్ అమర్చడం.

గడ్డ కరిగించే మందులపై జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి 1996లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నొప్పి మొదలైన తొలి గంటలో ఈ చికిత్స అందితే ప్రతి 1,000 మంది రోగులలో 65 మంది అదనంగా బ్రతుకుతారు. రెండవ గంటలో అందితే ఆ సంఖ్య 37కు పడిపోతుంది. మందు అదే, రోగి అతడే. మారినది సమయం ఒక్కటే.

రోగి వైద్య సిబ్బందిని కలిసిన 10 నిమిషాలలోగా ఈసీజీ తీయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నవి. 120 నిమిషాలలోగా యాంజియోప్లాస్టీ చేయగల కేంద్రానికి రోగిని చేర్చలేని పక్షంలో, ఉన్న చోటనే గడ్డ కరిగించే మందు ఇచ్చి ఆ తరువాత తరలించాలి. స్టెమీ నిర్ధారణ అయిన 10 నిమిషాలలోగా ఈ మందు ప్రారంభం కావాలని 2017 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు పేర్కొన్నవి. ‘ముందు పెద్దాసుపత్రికి పంపుదాం, అక్కడే చూసుకుంటారు’ అనే ఆలోచన మారుమూల మండలంలోని రోగికి ప్రాణాంతకం కాగలదు.

అయితే ఈ మందు ఇవ్వాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, విచక్షణ కూడా కావాలి. గతంలో మెదడులో రక్తస్రావం జరిగినవారికి, శరీరంలో రక్తస్రావం కొనసాగుతున్నవారికి ఈ మందు ఇవ్వరాదు. బృహద్ధమని పొర చీలినప్పుడు వచ్చే నొప్పి కూడా గుండెపోటు నొప్పిని పోలి ఉంటుంది. ఆ స్థితిలో ఈ మందు రోగికి హాని చేస్తుంది. గుండె దిగువ గోడకు వచ్చిన గుండెపోటులో కుడి జఠరిక కూడా దెబ్బతిన్నప్పుడు, అలవాటుగా నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చును. మధుమేహ రోగులలోను, వృద్ధులలోను, స్త్రీలలోను ఛాతీ నొప్పి ప్రధానంగా కనిపించక, ఆయాసం, చెమటలు, కడుపులో మంట వంటి లక్షణాలే ఎక్కువగా ఉండవచ్చును. ‘గ్యాస్ నొప్పి’ అని భావించి ఇంటికి పంపిన రోగులలో ఇటువంటివారు ఉండే అవకాశమున్నది. ఇవన్నీ పుస్తకంలో ఒకసారి చదివితే జీవితాంతం గుర్తుండే అంశాలు కావు. తరచూ మననం చేయవలసినవి.

చదివిన చదువు ఎందుకు పాతబడుతుంది

వైద్య కళాశాల నుంచి పట్టా పొందిన నాటి జ్ఞానం ఉద్యోగ విరమణ వరకు సరిపోదు. గుండె వైద్య చరిత్రలోనే ఇందుకు తగిన నిదర్శనాలున్నవి.

గుండెపోటు తరువాత గుండె లయ తప్పినట్లు కనిపిస్తే దానిని అణచే మందులు ఇవ్వడం 1980లలో సాధారణ పద్ధతి. లయ సరిపడితే ప్రాణం నిలుస్తుందని భావించేవారు. ‘కాస్ట్’ అనే పరీక్షలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు వాడినవారిలో మరణాలు పెరిగినట్లు 1989లో వెల్లడైనది. ఈసీజీ మెరుగుపడినది, కాని రోగులు మరణించారు.

బీటా బ్లాకర్ మందులది ఇందుకు భిన్నమైన చరిత్ర. గుండె వైఫల్యంలో ఈ మందులు ఇవ్వరాదని ఒక తరం వైద్యులకు బోధించారు. 1999లో ప్రచురితమైన రెండు పెద్ద పరీక్షలలో ఈ మందుల వలన అటువంటి రోగులలో మరణాలు 34 శాతం మేరకు తగ్గినట్లు తేలినది. నిషిద్ధమనుకున్న మందే ప్రాణరక్షకమైనది. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్ మధుమేహం లేని గుండె వైఫల్య రోగులకు కూడా మేలు చేస్తుందని 2019లో నిరూపితమైనది.

గుండెపోటు రోగి రాగానే ప్రాణవాయువు మాస్కు పెట్టడం దశాబ్దాల తరబడి కొనసాగిన ఆచారం. స్వీడన్‌లో 6,629 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడినవి. రక్తంలో ప్రాణవాయువు స్థాయి 90 శాతం లేదా అంతకు మించి ఉన్నవారికి అదనంగా ఆక్సిజన్ ఇవ్వడం వలన ప్రయోజనం లేదని ఆ పరీక్ష తేల్చినది. గుండె ఆగిన వ్యక్తికి చేసే ప్రథమ చికిత్సలోనూ మార్పు వచ్చినది. ముందుగా శ్వాస అందించడానికి బదులు ముందుగా ఛాతీని నొక్కాలని 2010లో మార్గదర్శకాలను సవరించారు.

మారని పాఠాలు కూడా ఉన్నవి. 17,187 మంది రోగులపై జరిగి 1988లో ప్రచురితమైన ‘ఐసిస్-2’ పరీక్షలో, ఆస్పిరిన్, స్ట్రెప్టోకైనేస్ రెండూ పొందినవారిలో 5 వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించిన మరణాలు 8 శాతం కాగా, రెండూ పొందనివారిలో అవి 13.2 శాతం. చవకైన ఆస్పిరిన్ మాత్రను గుండెపోటు రోగికి వెంటనే నమిలించడం నేటికీ చికిత్సలో తొలి మెట్టు. ఏది మారినదో, ఏది నిలిచినదో వేరుచేసి తెలుసుకొనడమే నిరంతర విద్య సారాంశం.

అనుభవం పెరిగినకొద్దీ జ్ఞానం దానంతట అదే పెరుగుతుందనే నమ్మకాన్ని కూడా అధ్యయనాలు సమర్థించడం లేదు. 62 అధ్యయనాలను సమీక్షించి 2005లో ప్రచురించిన నివేదిక ప్రకారం, వాటిలో సగానికి పైగా అధ్యయనాలలో, వృత్తిలో గడిపిన సంవత్సరాలు పెరిగినకొద్దీ వైద్యుల పనితీరు కొలిచిన అన్ని అంశాలలోనూ తగ్గినట్లు కనిపించినది. ఇది సీనియర్ వైద్యులను తక్కువ చేసి చూపే విషయం కాదు. కొత్త విషయాలను వారికి చేర్చే ఏర్పాటు అవసరమని తెలిపే విషయం.

నిబంధనలు ఏమి చెబుతున్నవి

భారత వైద్య మండలి 2002లో జారీ చేసిన వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడు ప్రతి 5 సంవత్సరాలలో కనీసం 30 గంటలపాటు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలలో పాల్గొనవలెను. 2020 సెప్టెంబరు 25న భారత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడినది. కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళిని ప్రకటించినప్పటికీ, అదే నెల 23న దానిని నిలుపుదల చేసి 2002 నాటి నియమావళినే తిరిగి అమలులోకి తెచ్చినది. తెలుగు రాష్ట్రాలలో వైద్యులు 5 సంవత్సరాలకు ఒకసారి తమ రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకొనవలసి ఉండగా, ఆ సమయంలో ఈ క్రెడిట్ గంటలను చూపవలసి ఉంటుంది.

5 సంవత్సరాలలో 30 గంటలు అనగా నెలకు అరగంట. ఇది కనీస పరిమితి మాత్రమేనన్న విషయాన్ని గమనించవలసి ఉన్నది. పైగా ఈ గంటలు ఏ విషయంపై అయినా కావచ్చును. అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడు గుండెపోటు చికిత్సపై ఒక్క గంట కూడా వినకుండానే 30 గంటలు పూర్తి చేయడం సాధ్యమే.

ఈ కార్యక్రమాల ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది మరో ముఖ్యాంశం. ఔషధ కంపెనీల నుంచి వైద్యులు బహుమతులు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం స్వీకరించరాదని 2009 డిసెంబరులో 2002 నియమావళికి సవరణ తెచ్చారు. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం జారీ చేసిన మార్కెటింగ్ నియమావళి విదేశాలలో ఇటువంటి విద్యా కార్యక్రమాలు నిర్వహించడాన్ని నిషేధించినది. స్టెంట్లు, కొత్త మందులు అధికంగా వినియోగమయ్యే హృద్రోగ రంగంలో ఈ నిబంధనలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఖరీదైన కొత్త మందు గురించి చెప్పడానికి ప్రాయోజకులు ముందుకు వస్తారు. ఆస్పిరిన్ గురించి, 10 నిమిషాలలో ఈసీజీ తీయడం గురించి చెప్పడానికి ప్రాయోజకులు దొరకడం అరుదు. ఆ బాధ్యత ప్రభుత్వాలు, వైద్య కళాశాలలు, వృత్తి సంఘాలు వహించవలసినదే. 1948లో స్థాపితమైన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వంటి సంఘాలకు, హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి సంస్థలకు ఇందులో కీలక పాత్ర ఉన్నది.

ఏ శిక్షణ ఫలిస్తుంది

హాలులో కూర్చొని ఉపన్యాసం వినడం, ప్రశంసాపత్రం తీసుకొనడం - ఇంతటితో ముగిసే శిక్షణ వైద్యుని పనితీరును మార్చడం లేదని 1999లో ప్రచురితమైన ఒక సమీక్ష పేర్కొన్నది. చర్చలు, కేసుల విశ్లేషణ, చేతితో చేసే అభ్యాసం ఉన్న కార్యక్రమాల వలన మార్పు కనిపించినది. 81 పరీక్షలను పరిశీలించి 2009లో ప్రచురించిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, విద్యా సమావేశాల వలన వైద్యుల పనితీరులో కలిగే మెరుగుదల మధ్యస్థంగా 6 శాతం పాయింట్లు. ఇది స్వల్పమే అయినా నిరర్థకం కాదు. ఒక్క సమావేశంతో అద్భుతాలు జరగవని, పునశ్చరణ తప్పనిసరి అని దీని భావం.

కేరళలో 63 ఆసుపత్రులలో 21,374 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడినవి. చికిత్సా పట్టికలు, పనితీరుపై నివేదికలు, రోగులకు సమాచార పత్రాలు వంటివి ఆసుపత్రులకు దశలవారీగా అందజేశారు. 30 రోజులలో తీవ్ర పరిణామాలు 6.4 శాతం నుంచి 5.3 శాతానికి తగ్గినట్లు మొదట కనిపించినప్పటికీ, ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత ఆ వ్యత్యాసం గణాంకపరంగా నిలబడలేదు. పట్టిక గోడకు అతికించినంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయని ముందుగా ప్రకటించరాదని, ఫలితాన్ని కొలిచి చూడాలని ఈ పరీక్ష తెలియజేసినది.

శిక్షణను వ్యవస్థతో జోడించినప్పుడు లభించే ఫలితం తమిళనాడులో కనిపించినది. చిన్న ఆసుపత్రులను యాంజియోప్లాస్టీ సౌకర్యమున్న పెద్ద ఆసుపత్రులతో అనుసంధానించి, అంబులెన్సు సేవలను కూడా అందులో చేర్చారు. 2,420 మంది రోగుల వివరాలతో 2017లో ప్రచురితమైన నివేదిక ప్రకారం, ఈ విధానం ప్రవేశపెట్టక ముందు ఏడాదిలోగా మరణించినవారు 17.6 శాతం కాగా, తరువాత 14.2 శాతం. ఇది ముందు, తరువాత పరిస్థితులను పోల్చిన అధ్యయనమే అయినప్పటికీ ఇతర రాష్ట్రాలకు మార్గం చూపినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తిరుపతి నుంచి ప్రారంభమైన స్టెమీ కార్యక్రమం కూడా ఇదే పద్ధతిని అనుసరించినది. బోధనాసుపత్రి కేంద్రంగా, పరిసర ప్రభుత్వాసుపత్రులు దానికి అనుబంధంగా ఉంటాయి. అనుబంధ ఆసుపత్రిలో తీసిన ఈసీజీని కేంద్రంలోని నిపుణుడు పరిశీలించి సలహా ఇవ్వగా, అక్కడి వైద్యుడే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ ఇస్తాడు. రోగి బరువును బట్టి ఒకే మోతాదుగా ఇవ్వగలగడం ఈ మందుకున్న సౌలభ్యం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ ఇటువంటి వ్యవస్థకు అవసరమైన రవాణాను సమకూర్చినది.

ఈ పద్ధతిలో ప్రతి కేసూ ఒక పాఠమవుతుంది. తాను పంపిన ఈసీజీకి నిపుణుడు ఏమి సమాధానం చెప్పాడు, తాను తరలించిన రోగి ధమని ఏ స్థితిలో ఉన్నది, రోగి క్షేమంగా ఇంటికి వెళ్లాడా లేదా అనే సమాచారం తొలి వైద్యునికి తిరిగి చేరినప్పుడే ఆ పాఠం పూర్తవుతుంది. ఈ సమాచారం వెనుకకు రాకపోతే అతడు సంవత్సరాల తరబడి అదే పొరపాటు చేస్తున్నా అతనికి తెలిసే అవకాశం లేదు.

గుండెపోటుకు మించిన అంశాలు

నిరంతర విద్య గుండెపోటుకే పరిమితం కారాదు. గొంతు నొప్పితో మొదలై పిల్లల గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జబ్బు పేద కుటుంబాలను నేటికీ పీడిస్తున్నది. 3 లేదా 4 వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ క్రమం తప్పకుండా ఇస్తే కవాటాలు మరింత చెడకుండా కాపాడవచ్చును. ఇంజెక్షన్ వికటిస్తుందనే భయంతో కొందరు వైద్యులు వెనుకాడితే నష్టపోయేది ఆ పిల్లలే. ఈ ఇంజెక్షన్‌ను సురక్షితంగా ఇవ్వడంలోను, ప్రతిచర్య వస్తే ఎదుర్కొనడంలోను వైద్యులతో పాటు నర్సులకు కూడా శిక్షణ అవసరం. అదే విధంగా అధిక రక్తపోటును గుర్తించడం, గుండె వైఫల్య రోగులకు మందుల మోతాదును క్రమంగా పెంచడం, గర్భిణులలో ఆయాసాన్ని తేలికగా తీసుకొనకుండా పరీక్షించడం ప్రాథమిక స్థాయి వైద్యులు నిత్యం ఎదుర్కొనే అంశాలు.

అధికారులు, పాత్రికేయులు గమనించదగిన అంశాలు

ఒక జిల్లాలో వైద్యులకు శిక్షణ పూర్తయినదని నివేదిక అందినప్పుడు, హాజరైనవారి సంఖ్యతో పాటు ఈ క్రింది విషయాలను కూడా పరిశీలించవలసి ఉన్నది.

1. శిక్షణ పొందినవారిలో అత్యవసర విభాగంలో, రాత్రి విధులలో పనిచేసే వైద్యులు, స్టాఫ్ నర్సులు ఎందరు?

2. ఆ ఆసుపత్రిలో ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాలలోగా ఈసీజీ తీస్తున్నారా? ఆ సమయాన్ని నమోదు చేస్తున్నారా?

3. ఈసీజీ యంత్రం పనిచేస్తున్నదా? గడ్డ కరిగించే మందు, డీఫిబ్రిలేటర్ అందుబాటులో ఉన్నవా? మందు లేని చోట మందు గురించిన శిక్షణ నిష్ప్రయోజనం.

4. స్టెమీ నిర్ధారణ అయిన రోగులలో ఎందరికి అక్కడే మందు ఇచ్చారు? ఇవ్వని సందర్భాలలో కారణం నమోదైనదా?

5. తరలించిన రోగి పరిస్థితిపై పెద్ద ఆసుపత్రి నుంచి తొలి వైద్యునికి సమాచారం అందుతున్నదా?

6. కార్యక్రమానికి ఆర్థిక సహాయం ఎవరిది? బదిలీపై కొత్తగా వచ్చిన వైద్యులకు తిరిగి శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్నదా?

వీటిలో మొదటి ఐదు అంశాలకు సమాధానం ఆసుపత్రి రిజిస్టర్లలోనే లభిస్తుంది. కొత్తగా సర్వేలు చేయవలసిన అవసరం లేదు. రోగి వచ్చిన సమయం, ఈసీజీ తీసిన సమయం, మందు ఇచ్చిన సమయం - ఈ మూడింటిని ప్రతి కేసులోనూ వ్రాసి, నెలకొకసారి సమీక్షించే ఆసుపత్రిలో వైద్యుల విద్య ప్రతిదినం కొనసాగుతున్నట్లే. వైద్యుడు ఎన్ని గంటలు తరగతిలో కూర్చున్నాడన్నది ప్రశంసాపత్రం చెబుతుంది. ఆ గంటల వలన రోగికి ఎన్ని నిమిషాలు దక్కినవన్నది ఈ రిజిస్టరు చెబుతుంది. నిరంతర వైద్య విద్యపై వెచ్చించే ప్రజాధనానికి, వైద్యుల కాలానికి తుది లెక్క ఆ నిమిషాలలోనే ఉన్నది.